ఇరవై ఒకటో రాయి

మా అమ్మాయి పనిచేసే ఆఫీసులో లిఫ్టు దిగగానే ఎదురుగోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టారట, ఇక్కడ భయానికి చోటు లేదని. ఆ సంగతి చెప్పి నవ్వింది. తర్వాత ఆ వారం జరిగిన మీటింగు గురించి చెప్పింది. పని పూర్తి కాలేదని గదిలో ఉన్న తొమ్మిదిమందికీ తెలుసట. తొమ్మిదిమందీ పూర్తయిందనే చెప్పారట.

"మరి నువ్వేం చెప్పావే?" అన్నాను.

"నేనూ అదే చెప్పాను నాన్నా. ఎవరైనా ముందు నోరు తెరిస్తే నేనూ చెబుదామనుకున్నా. ఎవరూ తెరవలేదు."

నాకు ఒళ్లు మండింది. అమ్మాయి మీద కాదు, ఆ గోడ మీద. భయానికి చోటు లేదని ఎక్కడ రాసి ఉంటుందో అక్కడ భయం సామాను సర్దుకుని కాపురం పెట్టేసి ఉంటుందని నాకు పాతికేళ్లకు పైగా తెలుసు. నేనూ ఒకప్పుడు అలాంటి తొమ్మిదిమందిలో ఒకణ్ణి. కాకపోతే మా దగ్గర పూర్తికాకుండా మిగిలిపోయింది కంప్యూటర్లో పని కాదు, రాతిలో మందు. ఆ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రిటైరయ్యాను, నన్ను తీసేసేవాళ్లు ఎవరూ లేరు. ఈ ధైర్యం ఎంత చవకదో నాకు తెలుసు. అయినా వినండి.

హైటెక్ సిటీ దగ్గర మీరిప్పుడు కార్లు పెట్టుకునే నేలమాళిగలు పారలతో తవ్వినవి కావు. తొంభైల చివర్లో అదంతా రాయి. ఏనుగులంత గుండ్లు, వాటి కింద ఎంత లోతుందో తెలియని పరుపురాయి. నేను సివిల్ ఇంజనీరుని. నరసరావుపేట వైపు నుంచి వచ్చి, హఫీజ్‌పేటలో ఒక గది అద్దెకు తీసుకుని, స్కూటరు మీద సైటుకి వెళ్లేవాణ్ణి. అంతకుముందు నేను పనిచేసిన కంపెనీ మూతపడి ఏడాదిపాటు ఖాళీగా కూర్చున్నాను. మామగారింట్లో నా భార్య నా తరఫున అబద్ధాలాడిన ఏడాది అది. ఈ ఉద్యోగంలో చేరి ఆరు నెలలయింది. దీన్ని సాకుగా చెప్పడం లేదని రాద్దామనుకున్నాను గానీ, సాకే. తెలిసే వినండి.

ఒక పెద్ద ఆఫీసు భవనానికి పునాది కోసం రాయి పగలగొట్టించడం నా పని. రాతిలో వరసగా గుంతలు తొలిచి, వాటిలో మందు కూరి, వత్తి పెట్టి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి పేల్చేవాళ్లం. పేల్చేవాడు పుప్పాలగూడ మనిషి, లైసెన్సు ఉన్నవాడు. అందరూ మేస్త్రీ అనేవాళ్లం. గుంతలు తొలిచేదీ, పగిలిన రాయి ఎత్తేదీ వడ్డెర కుటుంబాలు. ఖాజాగూడ గుట్టల దగ్గర గుడిసెలు వేసుకుని ఉండేవాళ్లు. వాళ్లలో ఒకామె ఆడవాళ్లందరికీ పెద్ద. నలభై దాటి ఉంటాయి. పెద్దమ్మ అని పిలిచేవాళ్లు. ఆమె భర్త గుంతలు తొలిచే మిషన్ పట్టేవాడు. అలాంటి పనిమంతుణ్ణి మళ్లీ చూడలేదు.

ఆ పనిలో అన్నిటికన్నా భయపడాల్సింది పేలిన మందుకి కాదు, పేలనిదానికి. ఇరవై గుంతల్లో మందు పెడితే ఇరవై చప్పుళ్లు వినపడాలి. ఒకటి తగ్గిందంటే ఆ గుంతలో మందు అలాగే ఉంది. దాని మీద మళ్లీ మిషన్ పెట్టారా, పెట్టినవాడు మనకు మిగలడు. అందుకే చప్పుళ్లు లెక్కపెట్టడం అన్నిటికన్నా పెద్ద పని. మా రిజిస్టర్లో దానికి రెండు గళ్లు ఉండేవి. మందు పెట్టినవి ఎన్ని, పేలినవి ఎన్ని. రాసేవాణ్ణి నేను.

వడ్డెరవాళ్లకి నా రిజిస్టరుతో పనిలేదు. వాళ్ల లెక్క వాళ్లకుంది. వత్తులంటించి పరిగెత్తే మగవాడికి లెక్క నిలవదు కాబట్టి లెక్క ఆడవాళ్లది. పెద్దమ్మ మందు పెట్టిన ఒక్కో గుంత పక్కనుంచి ఒక్కో గులకరాయి ఏరుకుని కొంగులో వేసుకునేది. హద్దుగా పాతిన ఎర్రజెండా ఇవతలికి వచ్చి, చెప్పులు విడిచి, ఉత్తకాళ్లు పరుపురాయికి ఆనించి, ముందు ఇనపతట్ట పెట్టుకుని కూర్చునేది. ఒక చప్పుడుకి ఒక రాయి తట్టలో పడేది. కొంగులో రాళ్లన్నీ అయిపోతే లేచి కొంగు దులిపేది. ఆమె కొంగు దులిపితే తప్ప ఒక్క కూలీ కూడా జెండా దాటేవాడు కాదు. మేము ఎంత విజిలేసినా అంతే.

మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఇంజనీరింగు చదివినవాణ్ణి కదా.

"చెప్పులెందుకు విడుస్తావమ్మా?" అని ఒకసారి అడిగాను.

"రెండు గుంతలు కల్సి పేలినయనుకో సారూ, చెవులకి ఒక్కటే సప్పుడు. కాళ్లకైతె ఎర్కైతది, నేల గట్టిగ తంతది. గప్పుడు రెండు రాళ్లేస్త. చెవులు మోసపోతయ్ గాని కాళ్లు మోసపోవు."

"ఇన్నేళ్ల నుంచీ చేస్తున్నావు, ఇంకా భయమేస్తుందా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "ఎందుకెయ్యది? ఏస్తెనే గద లెక్కవెడుత."

మా మేనేజరు విజయవాడ మనిషి. పని తెలియనివాడని అనను. కాగితం మీద ఉన్నదాన్ని నేల మీద నిలబెట్టగల మనిషి. కానీ అతని చేతిలో ఉన్న ఒకే ఒక పనిముట్టు అరుపు. అతని గదిలో కూడా గోడ మీద ఒక బోర్డు ఉండేది, ధైర్యవంతులదే విజయమని. దాని కింద కూర్చుని రోజూ ఫోనులో పైవాళ్లతో "ఎస్ సర్, అయిపోతుంది సర్, రేపటికల్లా సర్" అంటూ చెమటలు తుడుచుకునేవాడు. ఫోను పెట్టాక ఆ చెమటంతా మాకు పంచేవాడు.

ఒకసారి ఒక తూటా, అంటే గుంతలో కూరిన మందు, నిజంగానే పేలలేదు. మేస్త్రీ దాచకుండా చెప్పాడు. పని ఒక పూట ఆగింది. మేనేజరు అందరినీ నిలబెట్టి మేస్త్రీ మీద విరుచుకుపడ్డాడు.

"నువ్వు గుంతలో మందు పెట్టావా, అటుకులు పెట్టావా? ఇంకోసారి ఇలా జరిగిందని నా దగ్గరికి వచ్చావంటే నీ లైసెన్సు పీకించి పారేస్తా. ఏమనుకుంటున్నావో!"

యాభై ఏళ్ల మనిషి కూలీల ముందు తల వంచుకుని నిలబడ్డాడు. తప్పు చేసినందుకు కాదు, నిజం చెప్పినందుకు. నేను పక్కనే ఉన్నాను. నోట్లో బెల్లంగడ్డ ఉన్నవాడిలా నిలబడ్డాను.

ఆ రోజు నుంచీ మా సైటులో ఒక మాట పుట్టింది: జత పడింది. అంటే రెండు తూటాలు ఒకేసారి పేలాయి కాబట్టి చప్పుడు ఒకటి తగ్గింది, అంతే, కంగారు పడకండి అని. తర్వాత రెండుసార్లు లెక్క తగ్గింది. రెండుసార్లూ పెద్దమ్మ కాళ్లతో పట్టుకుని తట్టలో రెండేసి రాళ్లు వేసింది. నిజంగానే జత. దాంతో మాకు ధీమా వచ్చేసింది. ఏ లెక్క తగ్గినా జతేనని ముందే ఒప్పేసుకుని కూర్చున్నాం. పెళ్లిళ్ల పేరయ్య కూడా అంత సులువుగా జతలు కుదర్చడు.

ఇక ఆ రోజు. మర్నాడు పొద్దున్న పై ఊరి నుంచి పెద్దమనుషులు భవనం కట్టే చోటు చూడటానికి వస్తున్నారు. వాళ్ల కార్లు నేరుగా ముందు వైపు నుంచి రావాలంటే దారికి అడ్డంగా ఒక రాతిదిబ్బ ఉంది. వెనక నుంచి మట్టిదారి ఉంది, బాగానే ఉంది, మా లారీలన్నీ అటే తిరిగేవి. కానీ పెద్దవాళ్ల కార్లకి దుమ్ము అంటుకుంటుందని మేనేజరుకి బెంగ. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి పేల్చి, రాత్రికల్లా దిబ్బ లేకుండా చేయాలన్నాడు. ఇదంతా దేనికోసం జరిగిందో గుర్తుపెట్టుకోండి. నాలుగు కార్లకి దుమ్ము అంటకుండా ఉండటానికి.

మధ్యాహ్నం ఇరవై ఒక్క గుంతల్లో మందు పెట్టారు. నేను జెండాకి కాస్త వెనకగా రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాను. మేస్త్రీ వత్తులంటించి వచ్చి గుండు చాటున చేరాడు. ఒకటీ, రెండూ, మూడూ. వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాను. చివరి చప్పుడు తర్వాత చాలాసేపు ఎదురుచూశాను. పొగ పోయింది, దుమ్ము దిగింది, ఇంకేమీ వినపడలేదు. నా లెక్క ఇరవై.

పెద్దమ్మ వైపు చూశాను. ఆమె లేవలేదు. కొంగు దులపలేదు. కుడిచెయ్యి పిడికిలి బిగించి మోకాలి మీద పెట్టుకుని కూర్చుంది.

అప్పుడే మేనేజరు జీపు దిగాడు. "ఏంటి ఆలస్యం? ఇంకా మిషన్ ఎక్కించలేదే?"

మేస్త్రీ నా వైపు చూశాడు. నేను రిజిస్టరు వైపు చూశాను.

"జత పడ్డట్టుంది సార్" అన్నాడు మేస్త్రీ, నేల చూపులు చూస్తూ.

"నువ్వేం విన్నావయ్యా?" అని మేనేజరు నన్ను అడిగాడు.

ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకు పట్టిన కాలం, కన్ను ఆర్పినంత. ఆ కాస్తలోనే ఖాళీగా కూర్చున్న ఏడాదంతా కళ్లముందు తిరిగింది. మామగారి వరండా, నాకు మాత్రం ఆలస్యంగా వచ్చే కాఫీ, అన్నీ. మిషన్ పట్టుకుని గుంత తొలవబోయే మనిషి మాత్రం ఆ కాస్తలో నాకు కనపడలేదు. పది గజాల దూరంలో నిలబడి ఉన్నా కనపడలేదు. భయం మనిషికి కళ్లు పొడిచేస్తుందంటే ఇదే కాబోలు.

"ఇరవై ఒకటేనండి" అన్నాను. అని ఊరుకోలేదు. అందరూ చూస్తుండగా రెండో గడిలో ఇరవై ఒకటని రాశాను.

పెద్దమ్మ పిడికిలి విప్పింది. అరచేతిలో ఒక గులకరాయి. "ఇంకొకటున్నది సారూ. ఇరవయ్యే పేలినయ్. ఒకటి పండుకున్నది."

"ఎవరయ్యా ఈమె?" అన్నాడు మేనేజరు.

"జత గిత ఏం లేదు సారూ. జత పడితె నా కాళ్లకి ఎర్కైతుండె. జర ఆగుండ్రి. ఎత్కి తీద్దాం, గంతే."

"బాగుంది! పక్కన ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ వచ్చి దిగుతుంటే మనమిక్కడ గులకరాళ్లతో లెక్కలు కట్టుకుందామా? ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారని! ఇంజనీరు చెప్పాడు, లైసెన్సున్న మేస్త్రీ చెప్పాడు, వాళ్లకి తెలియంది నీ కాళ్లకి తెలిసిందా?" తర్వాత కూలీల వైపు తిరిగాడు. "చూడండి, భయం అంటురోగం లాంటిది. నా సైటులో భయస్తులకి పని లేదు. వెళ్లేవాళ్లు వెళ్లి పని చూడండి. వెళ్లనివాళ్లు రేపటి నుంచి రానక్కర్లేదు."

చూశారా, భయపడొద్దని భయపెట్టాడు. అందులో అతనికి వింతేమీ తోచలేదు. మాకూ తోచలేదు.

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు పెద్దమ్మ భర్త ఒంగి మిషన్ భుజానికెత్తుకున్నాడు.

"ఆగు. పోకు" అంది ఆమె.

"ఊకోరాదె. అందరు చూస్తుండ్రు" అన్నాడతను, గొంతు తగ్గించి.

ముప్పై ఏళ్లు రాయితో బతికినవాడు. ఆ లెక్క తప్పదని మా అందరికన్నా అతనికే బాగా తెలుసు. ఆమె కొంగు దులపనిదే ఎన్నడూ అడుగు ముందుకెయ్యనివాడు, ఆ రోజు ఎందుకు వేశాడు? పెళ్లాం చాటు మనిషి అంటారని. పిరికివాడని నవ్వుతారని. నాకు ఆ మాట ఇప్పటికీ కారం రాసినట్టు మండుతుంది. మనిషి చావుకన్నా నవ్వుకి ఎక్కువ భయపడతాడు. ఇది తెలిసినవాడే మన మీద పెత్తనం చేస్తాడు.

అతను జెండా దాటాడు. నాలుగడుగులు వేశాడో లేదో, పెద్దమ్మ లేచి ఉత్తకాళ్లతో అతన్ని దాటుకుని పరుగులాంటి నడకతో పోయింది. తర్వాతి గుంత ఎక్కడ తొలవాలో పేల్చకముందే సున్నంతో గుర్తు పెట్టి ఉంది. నేరుగా వెళ్లి ఆ గుర్తు మీద కూర్చుంది. కాళ్లు ముడుచుకుని, కొంగు తలమీదికి లాక్కుని కూర్చుంది. ఆమె మీంచి తప్ప అక్కడ మిషన్ పెట్టే దారి లేదు.

"ఎనుకకి పో" అంది భర్తతో. "జెండ అవుతలికి పో. నేనుంట."

అతను మిషన్ దించి, ఏం చేయాలో తోచక, మెల్లగా వెనక్కి వచ్చాడు.

మేనేజరుకి మాట తడబడింది. "ఏయ్! లే అక్కణ్ణించి! పిచ్చి పట్టిందా నీకు? ఏదన్నా అయితే ఎవరిది బాధ్యత?"

"ఏమైతది సారూ?" ఆమె గొంతు రాళ్ల మధ్య గట్టిగా మోగింది. "అన్ని పేలినయ్ అంటివి గద. రా, వచ్చి నా పక్కన కూసో. జాగ శానా ఉన్నది."

ఎవరూ నవ్వలేదు. మేనేజరు కదల్లేదు. అతని బూట్లు జెండా కర్రకి జానెడు ఇవతల ఉన్నాయి, అక్కడే ఉండిపోయాయి. కాసేపటికి నా వైపు తిరిగి, "వెళ్లి తీసుకురావయ్యా ఆమెని" అన్నాడు.

నేను నడిచాను. జెండా దాకా నడిచాను. ఆ గుడ్డ నా మోచేతికి తగిలింది. అక్కడ నా కాళ్లు ఆగిపోయాయి. నేను ఆపలేదు, అవే ఆగాయి. ఇరవై ఒకటని రాసిన సిరా ఇంకా ఆరలేదు. ఆ అంకె నిజమైతే ఆ నాలుగడుగులు వేయడానికి నాకేం రోగం? నోటితో ఇరవై ఒకటి, చేత్తో ఇరవై ఒకటి, కాళ్లు మాత్రం ఇరవైనే లెక్కపెట్టుకున్నాయి. మేనేజరు కాళ్లూ అంతే. కాళ్లు మోసపోవని ఆమె నాకు ముందే చెప్పింది.

మా అందరిలోకీ భయస్తురాలని తేల్చి గేటు బయటికి పంపబోయిన మనిషి ఆ దిబ్బ మీద ఉంది. భయం లేదని చెప్పినవాళ్లమంతా జెండా వెనక ఉన్నాం.

ముందు కదిలింది మేస్త్రీ. బీడీ కట్ట తీసి పక్కన పెట్టి, "లైసెన్సు పీకిస్తనంటిరి గద సార్. పోతె పోనీ" అని జెండా దాటాడు. ఆమె పక్కన గొంతుక్కూర్చుని పగిలిన రాయి ఒక్కొక్కటే చేత్తో తీసి పక్కన పెట్టసాగాడు. ఆమె అక్కడక్కడ వేలితో చూపించింది. మేము జెండా వెనక నుంచి చూశాం. ఎంతసేపో చెప్పలేను. చివరికి మేస్త్రీ చెయ్యి పైకెత్తి ఒక వేలు చూపించాడు.

గుంత అలాగే ఉంది. మందు అలాగే ఉంది. సున్నం గుర్తుకి మూరెడు దూరం కూడా లేదు. సగం కాలి ఆరిపోయిన వత్తి ముక్క కొస బయటికి కనపడుతోంది.

దాన్ని ఎలా తీర్చాలో మేస్త్రీకి తెలుసు. అందరినీ ఇంకా దూరం పంపించి, తీరిగ్గా, పద్ధతిగా చేశాడు. పెద్దమ్మ మళ్లీ తన చోటికొచ్చి, తట్ట ముందు పెట్టుకుని కూర్చుంది. నేను ఆమెకి గ్లాసుతో నీళ్లిచ్చాను. సగం నీళ్లు చీర మీద ఒలికిపోయాయి. పళ్లు గ్లాసు అంచుకి టకటక కొట్టుకున్నాయి. ఆమెకి భయం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మా అందరి వంతు భయమూ ఆమె ఒక్కతే పడింది.

సాయంత్రం నాలుగు దాటాక ఆ ఒక్కటీ పేలింది. ఆమె చేతిలోని రాయి తట్టలో పడేసి, లేచి, కొంగు దులిపింది.

మీరు ఇక్కడితో కథ సుఖాంతమనుకుంటారు. అసలు మంట ఇప్పుడు మొదలవుతుంది.

దిబ్బ పూర్తిగా పోలేదు. మర్నాడు పెద్దమనుషుల కార్లు వెనక మట్టిదారినే వచ్చాయి. దుమ్ము గురించి ఒక్కరూ మాట్లాడలేదు. వాళ్లలో ఒకాయన చుట్టూ చూసి, "ఇంత అందమైన రాళ్లు, ఎందుకు పగలగొడుతున్నారు?" అని అడిగాడు. మేనేజరు "ఎస్ సర్" అన్నాడు.

ఆ మరుసటి రోజు నన్ను గదిలోకి పిలిచాడు. సాయంత్రం పేలింది మిగిలిన గుండొకటి పగలగొట్టడానికి విడిగా పెట్టిన మందని రిజిస్టర్లో రాయమన్నాడు. మధ్యాహ్నం లెక్క ఇరవై ఒకటి ఇరవై ఒకటిగానే ఉంటుంది. పేలని తూటా అనేది మా సైటులో పుట్టనేలేదు. పుట్టనిదాన్ని కనిపెట్టిన మనిషి మాత్రం ఉండకూడదు. కూలీలను పంపే కాంట్రాక్టరుకి ఒక ఉత్తరం రాయమన్నాడు. ఫలానా మనిషి పనికి అడ్డుపడి, తోటివాళ్లలో భయాందోళనలు రేపింది కాబట్టి ఆమెనీ ఆమె కుటుంబాన్నీ ఇక పంపవద్దని.

"సర్, ఆమె చెప్పింది నిజమే కదండీ" అన్నాను. అంత మాత్రం అన్నాను.

"నిజం కాదని ఎవరన్నారయ్యా? నిజమని ఒప్పుకుంటే నువ్వు రాసిన అంకె ఏమవుతుందో ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. ఉత్తరం నా చేత్తోనే రాశాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, ఆ రోజు నా పిడికిలి కాస్త పెద్దదే.

తర్వాత కొన్నాళ్లకి, ప్రమాదమన్నదే లేకుండా పని చేసిన సైటని మాకు ఒక షీల్డు ఇచ్చారు. శాలువా మేనేజరుకి, సర్టిఫికెట్టు నాకు. చప్పట్లు కొట్టారు. అందులో నా చప్పుడు కూడా ఉంది.

ఆ సర్టిఫికెట్టు వచ్చిన వారంలోనే ఖాజాగూడ గుడిసెల దగ్గరికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు. క్షమాపణ అడుగుదామని వెళ్లానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది. ఆమె గుడిసె ముందు సమ్మెటకి కొత్త కర్ర బిగిస్తోంది. నన్ను చూసి లేచింది, కూర్చోమని రాయి తుడిచింది. ఆ చుట్టుపక్కల ఏ సైటువాళ్లూ వాళ్లని పనికి రానివ్వడం లేదట. ఉత్తరం కాళ్లు మనుషుల కాళ్లకన్నా జోరుగా నడుస్తాయి.

"ఒకటడుగుత సారూ. ఆ దినం నువ్వెన్ని లెక్కవెట్టినవ్?"

"ఇరవై" అన్నాను. ఆ అంకె నా నోట్లోంచి బయటికి రావడం అదే మొదలు.

ఆమెకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. మొహం విప్పారింది. గుడిసె లోపలికి తిరిగి భర్తని కేకేసింది. "ఇంటున్నవా? సారుకి గూడ ఇరవయ్యేనట! నేను తప్పలే!"

అప్పుడర్థమైంది నాకు. ఇన్నాళ్లుగా ఆ మనిషి, వత్తి ముక్కని కళ్లారా చూశాక కూడా, ఇంజనీరు ఇరవై ఒకటన్నాడు కదా, తన కాళ్లకేమైనా అయిందేమోనని అనుమానపడుతోంది. ఆమె బతుకంతా నిలబడ్డ నమ్మకాన్ని నేను ఒక్క అంకెతో కదిలించేశాను. పని పోయినందుకన్నా అదే ఆమెని ఎక్కువ తినేసినట్టుంది.

"మరి గప్పుడెందుకు చెప్పలే సారూ?" అని అడిగింది, కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామని.

"భయమేసిందమ్మా."

"మరి భయమైతె చెప్పాలె గదా?" అంది ఆమె.

ఆమెకి తెలిసిన భయం నోరు తెరిపించేది. నాకు తెలిసింది నోరు మూయించేది. రెండింటికీ ఒకే పేరు పెట్టినవాణ్ణి తన్నాలి.

"నాకు చెప్తె ఏం లాభం. మీ బుక్కుల రాయుండ్రి" అని మళ్లీ సమ్మెట ముందుకి లాక్కుంది.

రాద్దామనే సైటుకి తిరిగి వచ్చాను. రిజిస్టరు తీశాను, ఆ పేజీ తెరిచాను, పెన్ను మూత కూడా తీశాను. ఇరవై ఒకటి కింద నా సంతకం, దాని కింద మేనేజరు సంతకం, దాని కింద తనిఖీకి వచ్చినవాళ్ల సంతకం. పెన్ను మూత పెట్టేశాను. కొన్నాళ్లకి మళ్లీ వెళ్తే గుట్ట దగ్గర ఆ గుడిసె లేదు. ఎటు పోయారో పక్కవాళ్లు చెప్పలేకపోయారు. ఆ రిజిస్టరు ఈపాటికి ఏ చెదలకో ఆహారమై ఉంటుంది.

మా అమ్మాయి ఆఫీసు ఆ దిబ్బ ఉన్న చోటుకి ఎంతో దూరం లేదు. వచ్చే మీటింగులో ఎవరైనా ముందు నోరు తెరుస్తారేమోనని తనలాంటివాళ్లు ఎంతమంది ఎదురుచూస్తున్నారో నాకు తెలియదు. వాళ్లకోసం, నేను దిద్దకుండా మూసేసిన ఆ గడిని ఇక్కడ దిద్దుతున్నాను. ఇప్పుడు ఎవరి సంతకమూ అవసరం లేదు.

మందు పెట్టినవి ఇరవై ఒకటి. పేలినవి ఇరవై. లెక్కపెట్టింది పెద్దమ్మ.